మ్యూనిక్‌లో ఒక గది: అంబాజీపేట అమ్మాయి కేస్

కోనసీమలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, దాంతోపాటు విదేశీ ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాముల పని కూడా చూస్తుంటాను. ఏటా ఇద్దరో ముగ్గురో పిల్లలు ఒక సెమిస్టరు చదవడానికి యూరప్ వెళ్తారు. అడ్మిషన్, వీసా, టికెట్... ఈ మూడింటి గురించి చెప్పేవాళ్ళు మన దగ్గర వీధికొకరున్నారు. అక్కడ దిగాక తల దాచుకునే గది సంగతి మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు. ఎనిమిదేళ్ళుగా ఈ పనిలో ఉన్న నేనూ చెప్పలేదు. 2025లో ఒక అమ్మాయి విషయంలో అది పీకల మీదకి వచ్చింది. ఏం జరిగిందో, ఎక్కడ తప్పానో, చివరికి గది ఎలా దొరికిందో వరసగా రాస్తున్నాను. అమ్మాయి, వాళ్ళ నాన్నగారు రాయమన్నాకే రాస్తున్నాను. పేర్లు లేవు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

అమ్మాయి ట్రిపుల్ ఈ, అంటే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, మూడో సంవత్సరం. నాన్నగారిది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. తోటల మీద కాయ కొని, లెక్కపెట్టించి, లారీకెత్తించే పని. ఇంట్లో విమానం ఎక్కినవాళ్ళు ఎవరూ లేరు. మ్యూనిక్‌లో ఒక యూనివర్సిటీలో శీతాకాలం సెమిస్టరుకి సీటొచ్చింది. జర్మనీలో అది కాగితం మీద అక్టోబర్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది.

సీటొచ్చిందన్న రోజు వాళ్ళ నాన్నగారు కాలేజీకి పూతరేకులు పట్టుకొచ్చారు. "ఉండటానికి ఏర్పాటు వాళ్ళే చూస్తారు కదండీ మాస్టారూ?" అని అడిగారు. "చూస్తారండి, ముందు వీసా పని కానివ్వండి" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

హాస్టల్ ఎలా చేజారింది

జర్మనీలో మన కాలేజీ హాస్టళ్ళ లాంటివి ఉండవు. ప్రతి ప్రాంతంలో విద్యార్థుల కోసం ష్టుడీరెండెన్‌వెర్క్ అనే సంస్థ ఉంటుంది. అది యూనివర్సిటీలో భాగం కాదు, వేరే సంస్థ. హాస్టళ్ళు, క్యాంటీన్లు అదే నడుపుతుంది. అద్దె బయటితో పోలిస్తే సగానికి సగం ఉంటుంది. అందుకే మ్యూనిక్ లాంటి ఊళ్ళో వెయిటింగ్ లిస్టు సెమిస్టర్ల తరబడి సాగుతుంది. ఒక్క సెమిస్టరు కోసం వెళ్ళే పిల్లకి ఆ లిస్టులో పేరు పెట్టుకుంటే తిరిగి వచ్చే టైముకి నంబరు వస్తుంది.

దీనికి ఒక పక్కదారి ఉంది. ఎక్స్ఛేంజ్ విద్యార్థుల కోసం యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు చేతిలో కొన్ని గదులుంటాయి. అవి కావాలంటే వేరే ఫారం నింపాలి, గడువులోపు నింపాలి. మా అమ్మాయికి ఆ ఫారం లింకు కాలేజీ మెయిల్‌కి ఏప్రిల్‌లో వచ్చింది. అప్పుడు సెమిస్టరు పరీక్షలు. పిల్లలు కాలేజీ మెయిల్ తెరిచేదే తక్కువ. గడువు దాటిన పన్నెండో రోజున, వీసా కాగితాల కోసం పాత మెయిళ్ళు వెతుకుతుంటే అది బయటపడింది. రాసి అడిగితే మర్యాదగానే జవాబిచ్చారు: గదులు అయిపోయాయి, మీకు మేలు జరగాలి.

ఆ లింకు నాకు కూడా కాపీ వచ్చింది. నేనూ వీసా పని ముందని పక్కన పెట్టాను. తప్పులో సగం నాది.

వీసా వైపు పని మాత్రం బాగానే నడిచింది. నెలకి 992 యూరోల చొప్పున ఆరు నెలలకి 5,952 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేశారు. యూరో అప్పటికే వంద రూపాయల దాకా వచ్చింది, ఆరు లక్షల మాట. ఆ డబ్బు అక్కడికి వెళ్ళాక నెలనెలా విడుదలవుతుంది తప్ప, ఇక్కడ ఉండగా ముట్టుకోవడానికి లేదు. గది అడ్వాన్సుకి మళ్ళీ వేరే డబ్బు చూసుకోవాలి. ఈ సంగతి తల్లిదండ్రులకి ముందే చెప్పకపోతే ఆఖర్లో అప్పులకి పరిగెత్తుతారు.

అరవై మెసేజ్‌లు, నాలుగు జవాబులు

జూన్ నెలాఖరు నుంచి అమ్మాయి ఇళ్ళ వెబ్‌సైట్ల మీద పడింది. అక్కడ పిల్లలు ఎక్కువగా ఉండేది వేగేల్లో. అంటే నలుగురు ఒక ఫ్లాట్ తీసుకుని, తలొక గది పెట్టుకుని, వంటిల్లు, బాత్రూం కలిసి వాడుకోవడం. మ్యూనిక్‌లో అలాంటి గదికే నెలకి 800 యూరోల దాకా పడుతుంది. దేశంలోకెల్లా ఖరీదైన ఊరు అదే.

మన దగ్గర ఇల్లు అద్దెకి అడిగితే ఓనరు ముందు అడిగేది "మీదే ఊరు, ఎవరి తాలూకు?" అని. అక్కడ వేగేలో ఓనరు కంటే ముందు ఆ గదుల్లో ఉండే పిల్లలే మనల్ని చూసుకుంటారు. పొద్దున్న ఎన్నింటికి లేస్తావు, వంట చేస్తావా, గిన్నెలు వెంటనే కడుగుతావా, నీతో కూచుని కాఫీ తాగొచ్చా... ఇదీ వాళ్ళ ఆరా. మా అమ్మాయి రాసిన మొదటి మెసేజ్ చూపించమన్నాను. అచ్చం సెలవు చీటీ. గౌరవనీయులైన అయ్యా అని మొదలుపెట్టి, నేను క్రమశిక్షణ గల విద్యార్థిని అని, దయచేసి గది ఇప్పించగలరని ముగించింది. అరవై మందికీ అదే పంపింది. నలుగురు జవాబిచ్చారు, నాలుగూ "ఇప్పటికే ఇచ్చేశాం" అనే.

మళ్ళీ రాయించాను. గోదావరి పాయల మధ్య కొబ్బరి తోటల ఊరు తనదని, ఇంట్లో ఫ్యాన్లు, మిక్సీలు పాడైతే తనే విప్పి బాగుచేస్తుందని, పొద్దున్నే లేస్తుందని, ఆదివారం అందరికీ గుత్తొంకాయ వండి పెడుతుందని రాసింది. ఒక్కో ప్రకటన పూర్తిగా చదివి, అందులో ఉన్న ఒక విషయం పట్టుకుని రాయమన్నాను. పదిహేను పంపితే ఆరు జవాబులొచ్చాయి. రెండు వీడియో కాల్స్ జరిగాయి. ఆ రెండూ కుదరలేదు కానీ ఆ పిల్లకి భయం పోయింది. ఇంగ్లీషులో నవ్వుతూ మాట్లాడటం అలవాటైంది. దాని ఫలితం తర్వాత కనిపించింది.

అమలాపురం బ్యాంకులో శుక్రవారం

జూలై మూడో వారం. క్లాసులో ఉండగా వాళ్ళ నాన్నగారి ఫోను. నేను తీయలేదు. మళ్ళీ చేశారు, మళ్ళీ చేశారు. బయటికొచ్చి తీశాను.

"మాస్టారూ, బ్యాంకులో ఉన్నానండి. అమ్మాయికి గది దొరికిందండి. ఇవాళ కట్టకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారంటండి. విదేశాలకి డబ్బు పంపే ఈ ఏ2 ఫారంలో కారణం దగ్గర ఏం రాయాలో చెబుదురూ."

ఏం గది, ఎవరిచ్చారు అని అడిగాను. యూనివర్సిటీకి దగ్గర్లో మాక్స్‌ఫోర్‌ష్టట్ అనే పేటలో సింగిల్ బెడ్రూం ఫ్లాట్, అన్నీ కలిపి 480 యూరోలు. ఓనరు లండన్‌లో ఇంజనీరుట. ఫ్లాటు ఖాళీగా ఉంది, మంచి పిల్ల అయితే చాలు, ఇవ్వడానికి సిద్ధం అన్నాడట. నెల అద్దె, రెండు నెలల డిపాజిట్, మొత్తం 1,440 యూరోలు పంపితే తాళాలు కొరియర్‌లో వస్తాయట. నమ్మకం కోసం తన పాస్‌పోర్టు కాపీ కూడా పంపాడు. బదులుగా అమ్మాయి పాస్‌పోర్టు కాపీ అడిగితే, ఆ పిల్ల పంపేసింది.

వేగేలో ఒక్క గదే 800 ఉన్న ఊళ్ళో మొత్తం ఫ్లాటు 480 అన్నప్పుడే నా కడుపులో తిప్పింది. కానీ ఆయనకి అది చెబితే "మంచోడండి, మనలాంటి పిల్లలకి సాయం చేస్తన్నాడు" అన్నారు. అందుకని వాదన పెట్టుకోలేదు. "ఫారం మీద అకౌంట్ నంబరు రాసుంటారు కదండీ, మొదటి రెండక్షరాలు చదవండి" అన్నాను.

"ఈ... ఎస్... అండి."

యూరప్ బ్యాంకు అకౌంట్ నంబరుని ఐబాన్ అంటారు. దాని మొదటి రెండక్షరాలు ఏ దేశం బ్యాంకో చెబుతాయి. జర్మనీది అయితే డీ, ఈ. ఈ, ఎస్ అంటే స్పెయిన్. ఇల్లు మ్యూనిక్‌లో, మనిషి లండన్‌లో, డబ్బు స్పెయిన్‌కి. వేరే దేశంలో అకౌంట్ ఉన్నంత మాత్రాన మోసం అనలేం, కానీ ఈ మూడూ ఒకచోట కలిశాక డబ్బు కట్టడం మంచిది కాదు. "ఫారం చేత్తో పట్టుకుని బయటికొచ్చేయండి, సాయంత్రం మాట్లాడదాం" అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. గది పోతుందన్న టెన్షన్ ఆయన గొంతులో తెలుస్తూనే ఉంది.

సాయంత్రం అమ్మాయిని కూర్చోబెట్టి ఆ ఫ్లాటు ఫొటోలు లాప్‌టాప్‌లో పెద్దవి చేసి చూడమన్నాను. నేను వెతకమన్నది కిటికీలోంచి కనబడే వీధి. ఆ పిల్ల కళ్ళు వేరేచోటికి వెళ్ళాయి. వంటింటి ఫొటోలో కెటిల్ వెనకాల గోడ మీద ప్లగ్ సాకెట్టు. చిన్న స్విచ్చి, దాని కింద మూడు చీలికలు, నలుచదరంగా.

"సార్, ఇది యూకే సాకెట్ సార్."

జర్మనీలో సాకెట్టు గుండ్రంగా గోడలోకి గుంటలా ఉంటుంది, లోపల రెండు గుండ్రటి బెజ్జాలు, పైనా కిందా ఎర్త్ కోసం రెండు రేకు ముక్కలు. సాకెట్టు మీద స్విచ్చి సాధారణంగా ఉండదు. ట్రిపుల్ ఈ పిల్లకి ఇది చెప్పక్కర్లేదు. ఇంగ్లండులో ఎవరిదో ఇల్లు ఫొటోలు తీసుకొచ్చి మ్యూనిక్ ఫ్లాటని పెట్టారు. ఆ పిల్ల కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నాన్నకి నేను చెప్తాను సార్" అంది.

ఇది నేను చాలాసార్లు తలుచుకున్నాను. ఆయన అమాయకుడేం కాదు. రోజూ లక్షల్లో కొబ్బరి బేరాలు చేసే మనిషి. కానీ ఆయన బేరాలన్నీ మాట మీద నడుస్తాయి. తోట చూసి, రైతు చేతిలో అడ్వాన్సు పెడితే ఇక ఆ కాయ ఇంకెవరూ ముట్టరు. మన ఊళ్ళలో ఇల్లు కూడా అంతే. టోకెన్ అడ్వాన్సు ఇచ్చి పట్టుకుంటాం, రాతకోతలుండవు. ఎందుకంటే మాట తప్పితే ఆ మనిషి రేపు సంతలో ఎదురుపడతాడు. లండన్ ఇంజనీరు ఏ సంతలోనూ ఎదురుపడడు. మోసగాడు ఆశ్రయించింది ఆయన దురాశని కాదు, "ఆలస్యం చేస్తే పోతుంది" అనే ఆయన వ్యాపార అనుభవాన్ని.

డబ్బు పోలేదు, పాస్‌పోర్టు కాపీ మాత్రం పోయింది. ఆ ఇంజనీరు పంపిన పాస్‌పోర్టు కూడా ఇలాగే ఇంకో అమాయకుడి దగ్గర కాజేసినదై ఉంటుంది. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించాను, ఆ ప్రకటన మీద వెబ్‌సైట్ వాళ్ళకీ రాయించాను. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోను చేయాలి, గంటలు గడిచేకొద్దీ దొరకడం కష్టం. అప్పట్నుంచీ మా పిల్లలెవరైనా పాస్‌పోర్టు కాపీ ఇవ్వాల్సొస్తే దాని మీద అడ్డంగా "ఫలానా గది దరఖాస్తు కోసం మాత్రమే" అని తేదీతో సహా రాసి ఇస్తున్నారు.

మనవాళ్ళ ఫ్లాట్

ఆగస్టులో ఇంకో దారి కనిపించింది. ఇదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది, ఎందుకంటే ఈసారి అవతలివాళ్ళు మంచివాళ్ళు.

మ్యూనిక్ తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ముగ్గురమ్మాయిలు కలిశారు. ఒకమ్మాయిది రాజోలు వైపు. రెండు గదుల ఫ్లాటులో ఉంటున్నారు, మా అమ్మాయికి ఒక మంచం ఇస్తామన్నారు, 300 యూరోలు. ఇంట్లో తెలుగు, వంటలో పప్పు, పులుసు. వాళ్ళ అమ్మగారు ఫోన్లో ఏడ్చినంత పనిచేశారు సంతోషంతో. నేను ఒకే ప్రశ్న అడగమన్నాను: అడ్రసు రిజిస్ట్రేషన్‌కి కాగితం ఇస్తారా?

"అక్కావాళ్ళకి అది కుదరదట సార్" అని అమ్మాయి జవాబు తెచ్చింది. అగ్రిమెంటు ఇద్దరి పేరు మీదే ఉంది. మూడో అమ్మాయి ఉన్న సంగతే ఓనరుకి తెలియదు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే జర్మనీలో ఇంటి విషయమంతా ఈ ఒక్క కాగితం చుట్టూ తిరుగుతుంది. ఆ దేశంలో ఇల్లు మారిన ప్రతివాడూ రెండు వారాల్లోపు ఊరి ఆఫీసుకి వెళ్ళి అడ్రసు నమోదు చేయించుకోవాలి. దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. వాళ్ళ దేశస్థులకైనా ఇదే చట్టం. నమోదుకి వెళ్ళేటప్పుడు, ఈ మనిషి ఫలానా తేదీ నుంచి ఈ ఇంట్లో ఉంటున్నాడని ఇల్లిచ్చినవాళ్ళు సంతకం పెట్టిన పత్రం చూపాలి. అది లేకపోతే నమోదు లేదు. నమోదు లేకపోతే రెసిడెన్స్ పర్మిట్ పని ఆగుతుంది, చాలా బ్యాంకుల్లో అకౌంటు పని ఆగుతుంది. ఆలస్యం చేస్తే 1,000 యూరోల దాకా జరిమానా వేయొచ్చు. డబ్బు తీసుకుని ఉత్తుత్తి అడ్రసు పత్రాలిచ్చేవాళ్ళు కూడా తయారయ్యారు. ఉండని ఇంటికి అలా పత్రమిస్తే జరిమానా 50,000 యూరోల దాకా ఉంది.

పోస్టు సంగతి ఇంకోటి. మన ఊళ్ళో ఇంటిపేరు, నాన్న పేరు రాస్తే చాలు, పోస్ట్‌మేన్ తోటలోకి సైకిలేసుకొచ్చి ఉత్తరం ఇచ్చి వెళ్తాడు. అక్కడ డబ్బా మీద మన పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. ఇన్సూరెన్సు కార్డు, బ్యాంకు పిన్ను, ఆఫీసుల ఉత్తరాలు అన్నీ పోస్టులోనే వస్తాయి. ఓనరుకి తెలియకుండా ఉండే మనిషి డబ్బా మీద పేరు ఎలా అంటిస్తుంది?

అందుకని వద్దన్నాను. వాళ్ళమ్మగారు నామీద కోపగించుకున్నారు. "ముక్కూ మొహం తెలియని తెల్లోళ్ళ ఇంట్లో పెట్టమంటారా మాస్టారూ, మనోళ్ళుండగా?" అన్నారు. ఆవిడ బాధ నాకు అర్థమైంది. నాకూ ఒక కూతురుంది. అయినా ఓనరుకి తెలియని మంచం మీద ఆరు నెలలు గడపడం అంటే, ఏ రోజు ఖాళీ చేయమంటే ఆ రోజు సూట్‌కేసుతో రోడ్డు మీద నిలబడటం. ఆ పిల్లలు ముగ్గురికీ కూడా ముప్పే, అగ్రిమెంటే రద్దు కావచ్చు.

గది కోసం కాదు, వెళ్ళిపోయే మనిషి కోసం

ఆగస్టు 20 దాటింది. వీసా వచ్చింది, సెప్టెంబర్ 24కి టికెట్టు ఉంది, గది లేదు. ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. మా అమ్మాయికి కావాల్సింది అక్టోబర్ నుంచి మార్చి దాకా ఆరు నెలలు. అంత తక్కువ కాలానికి ఏ ఓనరూ ఇవ్వడు. ఇచ్చేవాడికి లాభమేంటి? సరిగ్గా ఆ ఆరు నెలలే గది ఖాళీగా ఉంచుకోలేని మనిషి ఎవరు?

మా అమ్మాయి లాంటి మనిషే. మ్యూనిక్‌లో చదువుకుంటూ, అదే సెమిస్టరుకి వేరే దేశం ఎక్స్ఛేంజికి వెళ్తున్న విద్యార్థి. వాడికి హాస్టల్ గది ఉంది, దానికోసం ఎన్నో సెమిస్టర్లు ఆగాడు, వదులుకోడు. అలాగని ఆరు నెలలు రెండుచోట్ల అద్దె కట్టలేడు. ష్టుడీరెండెన్‌వెర్క్ అనుమతి తీసుకుని వేరే విద్యార్థికి మధ్యకాలానికి ఇచ్చి వెళ్తాడు. జర్మన్‌లో దీన్ని ట్స్విషెన్‌మీటె అంటారు. అలాంటి పిల్లల జాబితా ఎవరి దగ్గరుంటుంది? మా అమ్మాయికి సీటిచ్చిన అదే ఇంటర్నేషనల్ ఆఫీసు దగ్గర. ఒకే ఆఫీసు, ఒక టేబులు మీద వచ్చేవాళ్ళు, పక్క టేబులు మీద వెళ్ళేవాళ్ళు.

ఎనిమిదేళ్ళుగా ఆ ఆఫీసుకి "మా పిల్లకి గది చూపించండి" అనే రాశాను. ఆ రోజు మొదటిసారి వేరే అడిగాను: ఈ శీతాకాలం బయటి దేశాలకి వెళ్తున్న మీ విద్యార్థులకి ఈ చిన్న నోటీసు పంపగలరా? వాళ్ళ పేర్లు, మెయిళ్ళు మాకివ్వక్కర్లేదు, ఇష్టమున్నవాళ్ళే మాకు రాస్తారు. వ్యక్తిగత వివరాల చట్టం అక్కడ చాలా గట్టిది, పేర్లు అడిగి ఉంటే ఒప్పుకునేవాళ్ళు కాదు. నోటీసు పంపడానికి మాత్రం ఇబ్బంది లేదన్నారు. అమ్మాయి ఫొటో పెట్టి, గుత్తొంకాయ మెసేజ్‌నే ఎనిమిది వాక్యాలకి కుదించి పంపాం.

నాలుగో రోజుకి రెండు జవాబులు. ఒకటి ఫిబ్రవరి దాకానే. రెండోది అక్టోబర్ 1 నుంచి మార్చి 31 దాకా, ఒలింపిక్ విలేజ్‌లో బంగళా.

బంగళా అంటే మన ఊహకొచ్చేది కాదు. 1972 ఒలింపిక్స్‌కి మహిళా క్రీడాకారుల కోసం కట్టిన చిన్న చిన్న రెండంతస్తుల కాంక్రీటు గూళ్ళు అవి. తర్వాత విద్యార్థులకిచ్చారు. పాతబడితే కూల్చి, 2010 నాటికి అదే నమూనాలో వెయ్యికి పైగా మళ్ళీ కట్టారు. ఒక్కోదానికి సొంత వంట గట్టు, సొంత బాత్రూం, పైన మంచం. ముందు గోడ మీద ఎవరికిష్టమైన బొమ్మ వాళ్ళు వేసుకోవచ్చు. మెట్రో మూడో నంబరు లైను స్టేషను పక్కనే. అన్నీ కలిపి అద్దె 390 యూరోలు చెప్పారు.

ఇప్పుడు మాకు కొత్త భయం. ఆ అబ్బాయి సెప్టెంబర్ 27నే వెళ్ళిపోతున్నాడు, తాళం పక్కింటి అమ్మాయి దగ్గర పెడతానన్నాడు. "మళ్ళీ అదే కథ కదండీ" అన్నారు నాన్నగారు. నిజమే, పైకి చూస్తే తాళం కొరియర్ కథ లాగే ఉంది. తేడా ఎక్కడో ఆయనకి చూపించాలి కదా. అందుకని నాన్నగారిని, అమ్మగారిని కూడా నా గదిలో కూర్చోబెట్టి వీడియో కాల్ పెట్టాం. ఆ అబ్బాయి యూనివర్సిటీ మెయిల్ నుంచే రాశాడు, అది మొదటి నిదర్శనం. ఫోను పట్టుకుని మెట్రో స్టేషను బోర్డు దగ్గర మొదలుపెట్టి, నడుచుకుంటూ గూళ్ళ మధ్య సందులోంచి తలుపు దాకా వచ్చాడు. కాలింగ్ బెల్ పక్కన తన పేరు చూపించాడు. మా అమ్మాయి అడిగింది, "కుళాయి తిప్పుతావా? కిటికీ తీస్తావా?" తిప్పాడు, తీశాడు. చివర్లో, ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల గోడ మీద సాకెట్టు చూపించమంది. గుండ్రంగా, రెండు బెజ్జాలు. వాళ్ళ నాన్నగారు అప్పుడు నవ్వారు, రెండు నెలల్లో మొదటిసారి.

గది మధ్యకాలానికి ఇవ్వడానికి ష్టుడీరెండెన్‌వెర్క్ ఇచ్చిన అనుమతి పత్రం పంపాడు. అగ్రిమెంటులో తేదీలు, అద్దె, డిపాజిట్ ఒక నెల అద్దె అని రాసుకున్నాం. డిపాజిట్ అక్కడ మూడు నెలల అసలు అద్దెకి మించి అడగడానికి చట్టం ఒప్పుకోదు, దాన్ని కూడా మూడు వాయిదాల్లో కట్టే హక్కుంది. వేడి, నీళ్ళ ఖర్చులు కలపని అసలు అద్దెని కాల్ట్‌మీటె అంటారు, అన్నీ కలిపితే వార్మ్‌మీటె. ప్రకటనలో ఏది రాశారో చూసుకోకపోతే నెలకి వంద, నూటయాభై యూరోలు లెక్క తప్పుతుంది. ముందు 150 యూరోలు పంపి, మిగతాది తాళం చేతికొచ్చిన రోజు ఇచ్చేలా ఒప్పుకున్నాం. అబ్బాయి కూడా సంతోషంగా ఒప్పుకున్నాడు. అతనికీ మా మీద భయమే కదా, తను చూడని మనిషికి తన గది వదిలి వెళ్తున్నాడు.

మధ్యలో వారం రోజులు

టికెట్టు సెప్టెంబర్ 24కి. గది అక్టోబర్ 1 నుంచి. ఈ ఏడు రాత్రులకి టూరిస్టులు దిగే హాస్టల్లో బెడ్ బుక్ చేద్దామని చూస్తే కళ్ళు తిరిగాయి. మ్యూనిక్‌లో ఆక్టోబర్‌ఫెస్ట్ పేరుకే అక్టోబర్, మొదలయ్యేది సెప్టెంబర్‌లోనే. 2025లో సెప్టెంబర్ 20 నుంచి అక్టోబర్ 5 దాకా జరిగింది. లోకమంతా ఆ ఊరికొస్తుంది. 2015 పుష్కరాల్లో రాజమండ్రిలో గది కోసం తిరిగినవాళ్ళకి ఆ పరిస్థితి విడమరిచి చెప్పక్కర్లేదు. పంచుకునే గదిలో మామూలు బెడ్ కూడా రాత్రికి వంద యూరోలు దాటింది.

అప్పుడు గుర్తొచ్చారు ఆ ముగ్గురమ్మాయిలు. ఆరు నెలలు ఉంచుకోవడం వాళ్ళకి ముప్పు. వారం రోజులు చుట్టంలా ఉంచుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. అడిగిన నిమిషంలో సరేనన్నారు. రాజోలు అమ్మాయి ఎయిర్‌పోర్టుకొచ్చి తీసుకెళ్ళింది. అమ్మగారి కోపం ఆ రోజు పోయింది. మా అమ్మాయి వెంట రెండు కిలోల కారప్పొడి, కొబ్బరి లౌజు పంపించారు, వాళ్ళ ముగ్గురికీ.

అక్టోబర్ 1 పొద్దున్న తాళం తీసుకుని, సామాను పెట్టకముందే గదంతా ఫొటోలు తీసింది. మూలలు, గోడలు, టేబులు మీద పాత గీత, బాత్రూం అద్దం. తాళం ఇచ్చిన పక్కింటి అమ్మాయితో కలిసి ఒక కాగితం మీద ఏవేం ఉన్నాయో రాసి ఇద్దరూ సంతకం పెట్టారు. ఆ రోజే డబ్బా మీద తన పేరు రాసి అంటించింది. 9వ తేదీన అడ్రసు నమోదు అయింది. పత్రం మీద సంతకం ఆ అబ్బాయిదే, గది తన చేతి మీదుగా ఇచ్చాడు కాబట్టి.

తర్వాత రెండు చిన్న చిక్కులొచ్చాయి. నవంబర్‌లో రేడియో, టీవీల రుసుము కట్టమని ఉత్తరం. ఇంటికి ఇంత అని నెలకి 18.36 యూరోలు, టీవీ ఉన్నా లేకున్నా కట్టాలి. మోసమనుకుని చింపబోయింది, నాకు ఫొటో పెట్టింది కాబట్టి సరిపోయింది. ఇంటికి ఒక్కటే రుసుము, ఆ గూటికి అబ్బాయి పేరు మీద అప్పటికే కడుతున్నారు, ఆ నంబరు రాసి పంపితే సరిపోయింది. రెండోది బూజు. కోనసీమ పిల్లకి చలి కొత్త, కిటికీలన్నీ బిడాయించి లోపల అన్నం వండుకుంది. డిసెంబర్‌కి కిటికీ పక్క గోడ నల్లబడింది. రోజుకి రెండు మూడుసార్లు కిటికీ బార్లా తెరిచి ఐదు నిమిషాలు గాలి ఆడనివ్వాలి అక్కడ, ఎంత చలైనా సరే. పక్కింటి అమ్మాయి చెప్పి, తుడిచే మందు కొనిపెట్టింది. మార్చిలో డిపాజిట్ 390 యూరోలూ తిరిగొచ్చాయి.

ఇప్పుడు నేను చేస్తున్నది

పిల్లలకి తేదీలు ధవళేశ్వరం లెక్కలో చెబుతున్నాను, మన ప్రాంతం పిల్లలకి అది వెంటనే ఎక్కుతుంది. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరికప్పుడే లంకల్లో వాళ్ళు గొడ్లని గట్టు మీదకి తోలతారు, మూడోది వచ్చేదాకా కూర్చోరు. శీతాకాలం సెమిస్టరుకి వెళ్ళే పిల్లకి మే 15కి హాస్టల్ ఖాయం కాకపోతే అది మొదటి హెచ్చరిక, ఆ రోజు నుంచే వేగేలకి రాయడం మొదలవ్వాలి. చర్చిలు నడిపే హాస్టళ్ళు కూడా ఉంటాయి, చాలావాటిలో మతం పట్టింపు లేదు, వాటికీ అప్పుడే రాయాలి. జూలై 15 రెండోది. ఆగస్టు 15 మూడోది, అప్పటికీ గది లేకపోతే మొదటి రెండు వారాలకి, ధర కాస్త ఎక్కువైనా సరే, రద్దు చేసుకునే వీలున్న బెడ్ బుక్ చేసి తీరాలి.

హాస్టల్ ఫారం గడువు ఇప్పుడు నా గోడ క్యాలెండర్ మీద వీసా తేదీ కంటే పైన ఉంది. పిల్లల కాలేజీ మెయిల్ వాళ్ళ ఫోన్లలో నా ముందే పెట్టిస్తున్నాను. డబ్బు పంపేముందు అకౌంట్ నంబరు మొదటి రెండక్షరాలు నాకు చదివి వినిపించాలని తల్లిదండ్రులతో చెప్పాను. ఒకరిద్దరు ఇప్పటికే ఫోన్లు చేస్తున్నారు.

మా అమ్మాయి ఏప్రిల్ మొదటి వారంలో తిరిగొచ్చింది. రాకముందు ఆ గూళ్ళ మధ్య తిరిగి, వచ్చే శీతాకాలం ఎవరెవరు ఎక్స్ఛేంజికి వెళ్తున్నారో కనుక్కుని, ఒప్పుకున్నవాళ్ళ నంబర్లు ఒక నోటుబుక్కులో రాసుకొచ్చింది. నలుగురున్నారు. ఆ ఆఫీసుకి కూడా వెళ్ళే పిల్లలకి పంపే నోటీసు ఈసారి ఆగస్టు దాకా ఆగకుండా మార్చిలోనే పంపాను. ఈ ఏడాది వెళ్ళేది ఇద్దరబ్బాయిలు, ఒకడిది ముమ్మిడివరం, ఇంకొకడిది కొత్తపేట. గుత్తొంకాయ వండటం ఇద్దరికీ రాదు, ఏం రాయాలో ఇంకా ఆలోచిస్తున్నారు.